పదహారేళ్ల పిలగాడికి పాత డర్ట్ బైక్: ఇంపల్సా, ఎక్స్‌పల్సా?

బత్తాయి రైతు, నల్లగొండ:

అందరికీ నమస్కారం. మాది పానగల్లు వైపు. మా వాడికి మొన్ననే పదహారు నిండాయి. ఏడాది నుంచి ఒకటే పట్టు, డర్ట్ బైక్ (మట్టి, రాళ్ల దారుల్లో నడిపే బండి) కావాలని. రోడ్డు మీద తిరగడానికి కాదు. దేవరకొండ రోడ్డులో మాకు నాలుగెకరాల చెలక ఉంది. బత్తాయి చెట్లు ఎండిపోతే నిరుడు తీయించేశాం, ఇప్పుడు బీడు. చుట్టూ గెట్లు, మధ్యలో చిన్న ఒర్రె. అక్కడే నేర్చుకుంటానంటాడు. ఊరికే మోజుపడే రకం కాదు వాడు. ప్రతి ఆదివారం నా స్ప్లెండర్ చైన్ డీజిల్‌తో కడిగి, పాత బనీనుతో తుడిచి, ఆయిల్ వేసి పెడతాడు. ఎవరూ చెప్పకుండానే. అందుకే కాదనలేకపోతున్నాను.

బండి, మిగతా సామాను అన్నీ కలిపి 80 వేలు దాటలేను. హీరో కంపెనీవి రెండు బండ్లు చూశాం. మిర్యాలగూడలో 2013 ఇంపల్స్, 42 వేలు అడుగుతున్నారు. మహబూబ్‌నగర్‌లో 2019 ఎక్స్‌పల్స్ 200, 78 వేలు. వాడి మనసంతా రెండోదాని మీదే. వాడి ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 48 కిలోలు. వాళ్లమ్మకైతే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది తీసుకోవాలి, కొనేముందు ఏం చూడాలి?

మెకానిక్, జడ్చర్ల:

అన్నా, ఇరవై ఏళ్ల నుంచి బండ్ల పనిలోనే ఉన్నాను. మీ వాడి బరువు రాసి మంచి పని చేశారు, అసలు లెక్క అక్కడే ఉంది. ఎక్స్‌పల్స్ సుమారు 154 కిలోలు, ఇంపల్స్ 134. 48 కిలోల పిలగాడికి ఆ ఇరవై కిలోలు చాలా పెద్ద తేడా. చెలకలో నేర్చుకునేవాడు రోజుకు పదిసార్లు పడతాడు, పదిసార్లు తానే లేపుకోవాలి. మూడోసారికే చేతులు వణికితే ఇక హ్యాండిల్ మీద పట్టేం ఉంటుంది? సీటు ఎత్తులో మాత్రం ఇంపల్సే ఎక్కువ: అది 840 మిల్లీమీటర్లు, ఇది 823. దానికి భయపడకండి. సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గర ఫోమ్ కోయిస్తే అంగుళం దాకా దిగుతుంది. ఇంజిన్ బరువును ఎవరూ కోయలేరు కదా.

బండి దగ్గరికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి. వేడిగా ఉందంటే, చల్లమీద స్టార్ట్ కావడానికి మొరాయించే బండేమోనని అనుమానించాల్సిందే. స్టార్ట్ అయ్యాక కాసేపు రేస్ ఇచ్చి, వదిలి, మళ్లీ ఇవ్వండి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టే. బోరు (ఇంజిన్‌లో పిస్టన్ ఆడే గొట్టం), పిస్టన్ పనికి డబ్బు పక్కన పెట్టుకోవాలి.

ఇక నేను అన్నిటికంటే ముందు చూసేది ఎయిర్ ఫిల్టర్ బాక్సు. మన దగ్గర ఎర్ర దుబ్బ. ఫిల్టర్ తీసి, కార్బురేటర్ వైపు పైపులోకి టార్చి కొట్టి, వేలితో తుడవండి. ఆ వైపు శుభ్రంగా ఉండాలి. వేలికి కారప్పొడిలాగా సన్నటి ఎర్ర దుమ్ము అంటిందా, ఆ దుమ్మంతా ఇంజిన్‌లోకి పోయి పిస్టన్ రింగులను, బోరును అరగదీసింది. అలాంటి బండి పైకి ఎంత మెరిసినా వద్దు.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల మీద నూనె చార ఉందేమో చూడండి. సీలు పోవడం చిన్న పనే, రేటు తగ్గించుకోవచ్చు. వెనక చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపితే టక టక కొడితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) బుష్‌లు పోయినట్టు. ఫుట్‌రెస్టుల దగ్గర, హ్యాండిల్ కింద ఛాసిస్ అతుకులు చూడండి. బండంతా పాత రంగు ఉండి అక్కడొక్కచోటే కొత్త నల్ల స్ప్రే కనబడితే తిరిగి వచ్చేయండి. పగుళ్లు అక్కడే వస్తాయి.

ఇంపల్స్ తయారీ 2017లోనే ఆగిపోయింది. ఇంజిన్ పని ఎవరైనా చేస్తారు గానీ ప్లాస్టిక్ సామాను, మోనోషాక్ (వెనక ఉండే ఒంటి షాక్ అబ్జార్బర్) దొరకడం కష్టం. అవి బాగున్న బండికి నాలుగు వేలు ఎక్కువైనా ఇవ్వండి.

రైడర్, వనపర్తి:

మెకానిక్ అన్న చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. నాది ఎక్స్‌పల్సే, నాలుగేళ్లుగా నడుపుతున్నాను. ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలు, రాళ్ల మీద దానికి సాటి లేదు. సామాను ఎక్కడైనా దొరుకుతుంది, మళ్లీ అమ్మినా డబ్బు వస్తుంది. కానీ మీ 80 వేలలో 78 బండికే పోతే హెల్మెట్ ఎక్కడిది, బూట్లు ఎక్కడివి? ఆ ఒక్క కారణానికే నేను కూడా ఇంపల్స్ అంటాను. పద్దెనిమిది నిండాక ఎక్స్‌పల్స్ చూసుకోవచ్చు. అప్పుడు ఎక్స్‌పల్స్ 200టీ అని చవగ్గా కనబడితే మోసపోకండి, అది 17 అంగుళాల అల్లాయ్ చక్రాల రోడ్డు బండి.

రాయచూరు వైపు నుంచి కేఏ నంబరు బండ్లు తక్కువకు వస్తాయి. వాటికి అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ తిరుగుడు మీకెందుకు? ఇంకోటి, 2013 బండి ఆర్‌సీ గడువు పదిహేనేళ్లు, అంటే 2028 దాకానే. ఆర్‌సీ మీద తేదీ చూసి, ఆ మాట చెప్పి రేటు తగ్గించమనండి.

ఇద్దరు పిల్లల తల్లి, మహబూబ్‌నగర్:

అన్నయ్యా, వదినగారి భయం నాకు తెలుసు. మా పెద్దోడు పిల్లలమర్రి అవతల ఒక చెలకలో పడ్డాడు. వేగం ఏమీ లేదు, మనిషి పరుగెత్తేంత కూడా లేదు. బండి పక్కకు ఒరిగి చీలమండ మీద పడింది. కాలికి మామూలు చెప్పులే. ఆరు వారాలు పిండికట్టుతో కూర్చున్నాడు, వాడికి నీళ్లగ్లాసు అందిస్తూ ప్రతిసారీ నన్ను నేనే తిట్టుకున్నాను. బండికంటే ముందు చీలమండ దాటి వచ్చే గట్టి బూట్లు కొనండి. ముఖమంతా కప్పే ఐఎస్ఐ హెల్మెట్, మోకాళ్లకు, మోచేతులకు గార్డులు, గ్లోవ్స్. పది పన్నెండు వేలు పక్కన పెట్టండి.

చెలక దాకా బండి మీరే నడపండి, లేదంటే ట్రాలీ ఆటోలో వేయండి. పదహారేళ్లకు గేర్లు లేని 50 సీసీ లోపు బండికే లైసెన్స్. 2019లో చట్టం మారాక, మైనర్ రోడ్డు మీద నడిపితే తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఊరి బాట కూడా రోడ్డే, ఆ నాలుగు అడుగులే కదా అనుకోవద్దు.

మెకానిక్, జడ్చర్ల:

అక్క చెప్పింది బంగారం లాంటి మాట. అన్నా, బండి దొరికేలోపు మీ స్ప్లెండర్‌నే చెలకలో ఇవ్వండి. 112 కిలోలే, సీటు 785. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మొదటి గేరులో, హాఫ్ క్లచ్ మీద గెట్టు వెంబడి నెమ్మదిగా పోవడం నేర్పండి. నెమ్మదిగా పోవడం వచ్చినవాడికి మిగతాది తొందరగా వస్తుంది.

బత్తాయి రైతు, నల్లగొండ:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మిర్యాలగూడ బండి చూడటానికి పోయాం. మా వాడే టార్చి కొట్టి, పైపులో వేలు పెట్టి తీశాడు. ఎర్రగా. ఏమీ మాట్లాడకుండా ఆ వేలు నాకు చూపించాడు. వచ్చేశాం.

నకిరేకల్‌లో ఇంకో ఇంపల్స్ దొరికింది, 2014ది, 45 వేలు. ఫిల్టర్ శుభ్రంగా ఉంది, అతుకులు బాగున్నాయి. ఫోర్క్ సీలుకని వెయ్యి తగ్గించారు. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయి, ఇన్సూరెన్స్ కట్టాను. సీటు ఫోమ్ కోయించాం. చెలకలో బండిని పడుకోబెట్టి లేపమన్నాను. రెండుసార్లు వల్ల కాలేదు. మూడోసారి నడుము సీటుకు ఆనించి, కాళ్లతో నెట్టి లేపాడు. వాళ్లమ్మ గెట్టు మీద కూర్చుని చూసింది.

హెల్మెట్, గార్డులు వచ్చాయి. వాడి కాలికి 7వ నంబరు చెప్పులు సరిపోతాయి. బూట్లు అదే నంబరు తీసుకోవాలా, మందం సాక్సులకని ఒక నంబరు పెంచాలా? అక్కా, మీరు ఏది తీసుకున్నారో చెప్పండి. అవి వచ్చేదాకా తాళంచెవి నా దగ్గరే ఉంది.