టీఎండీ-బీ, టీఎండీ-44: పాత ఫొటోల్లో తేడా పట్టడం ఎలా?

సోవియట్ చెక్కపెట్టె ట్యాంకు మందుపాతరల చరిత్ర తెలిసినవాళ్లు దయచేసి సాయం చేయండి. 1943 నాటి టీఎండీ-బీ పైన మూడు పలకలుంటాయి, నడిమి పలక పైకి లేస్తుంది. టీఎండీ-44కైతే నడుమ గుండ్రటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. కొరియా యుద్ధం నాటి ఫొటోల్లో ఆ నడిమి భాగమే మట్టిలో కూరుకుపోయి ఉంటోంది. పక్క చెక్కల అతుకు, మేకుల వరస చూసి ఏది ఏదో చెప్పొచ్చా?

ఇంకొకటి. ఇనుము తక్కువ కాబట్టి డిటెక్టర్లకు ఇవి సరిగా దొరికేవి కావు, అదే వీటి అసలు బలం. కానీ నేలతడికి చెక్క ఉబ్బేది, కుళ్లేది, లోపల మందు చెమ్మగిల్లేది. జర్మన్ల హోల్జ్‌మీనె 42 కూడా చెక్కదే. చెక్కకు తారు, రంగు పూత వేసేవారా? ఆనాటి సైనిక మాన్యువల్స్‌లో ఏముందో చూసినవాళ్లు చెప్పగలరు.