చర్చ: వేట గైడు శిక్షణకు తమ్ముణ్ణి ఆఫ్రికా పంపాలా, వద్దా?

చంద్రగిరి అక్క:
మా తమ్ముడికి ఇరవై మూడేళ్ళు. తిరుపతిలో జంతుశాస్త్రం డిగ్రీ పూర్తి చేశాడు. దక్షిణాఫ్రికాలో ప్రొఫెషనల్ హంటర్ శిక్షణ తీసుకుని, విదేశీ వేటగాళ్ళను అడవిలోకి తీసుకెళ్ళే గైడు అవుతానంటున్నాడు. నాన్న మామిడితోట తాకట్టు పెట్టడానికి సిద్ధం. అమ్మ మాత్రం ఏడుకొండల కింద పుట్టినవాడు డబ్బు పుచ్చుకుని జంతువులను చంపిస్తాడా అని రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. ఇది గౌరవంగా బతకదగిన పనేనా? ఏ అభిప్రాయమైనా చెప్పండి, వాణ్ణి మాత్రం తిట్టకండి. వాడూ ఈ చర్చ చదువుతున్నాడు.

కపిలతీర్థం:
మీ అమ్మగారి పక్షమే నాది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణతో మన దేశంలో సరదా వేటకు తలుపులు మూసుకున్నాయి. అక్కడ నేర్చుకున్న విద్య ఇక్కడ ఒక్కరోజు కూడా చేయడానికి వీల్లేదు. ఆకలి కోసం కాదు, పంట కోసం కాదు, గోడకు కొమ్ములు తగిలించుకోవడానికి వచ్చినవాడికి దారి చూపడమే ఆ ఉద్యోగం. ప్రాణం తీయడానికి తోడు వెళ్ళడం కూడా ప్రాణం తీయడమే.

చిత్తూరు–హరారే:
అక్కయ్యగారూ, గనుల ఉద్యోగం మీద నేను చాలాకాలం జింబాబ్వేలో ఉన్నాను. వేట గైడ్లు నాకు ఇరుగుపొరుగు. తప్పొప్పుల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పని ఎలాంటిదో మీ తమ్ముడికి తెలియాలి.

కాల్చేది డబ్బు కట్టినవాడు. ఎప్పుడు కాల్చకూడదో చెప్పి ఆపేవాడు గైడు. తెల్లవారకముందే నీటిగుంట దగ్గర జాడ చూడాలి. ఏది రాత్రిది, ఏది ఈ గంటలోది అన్నది మట్టి అంచు చూసి తేల్చాలి. చిన్న గుడ్డసంచిలో బూడిద పెట్టుకుని, దాన్ని దులుపుతూ గాలి ఎటు వీస్తోందో అడుగడుగునా కనిపెట్టాలి. మందలో ఏ దున్న ముసలిది, ఏది ఇంకా సంతానం ఇవ్వగలది అన్నది కొమ్ముల మొదలు గట్టిపడిన తీరును బట్టి దుర్భిణీలో పోల్చాలి. పక్కన ఉన్నవాడు వేల డాలర్లు కట్టి వచ్చాడు, వేలు ట్రిగ్గర్ మీదే ఉంటుంది. వద్దు అని అతని చేయి పట్టుకునే ధైర్యం ఏ తరగతి గదిలోనూ రాదు.

గాయపడిన దున్న ముళ్ళపొదలోకి దూరిందంటే మాత్రం దాని వెంట వెళ్ళి పని ముగించాల్సింది గైడే. దాన్ని అలా వదిలేసి రావడం ఆ వృత్తిలో సిగ్గుచేటు. గైడ్ల ప్రాణాలకు పెద్ద ముప్పు అక్కడే. ఆ తర్వాత చర్మం ఒలవడం, ఉప్పు పట్టించడం, మాంసం కోయించి ఊరికి చేర్చడం, దెబ్బ తగిలినవాడికి కట్టు కట్టడం అన్నీ అతని మీదే పడతాయి.

అందుకే జింబాబ్వేలో అంత కఠినంగా ఉంటారు. ముందు చట్టం, తుపాకులు, జంతువుల నడవడి, సాధారణ విషయాలు అని నాలుగు రాత పరీక్షలు. అవి గట్టెక్కితే వచ్చేది లెర్నర్ లైసెన్సు మాత్రమే. ఆపైన లైసెన్సున్న గైడు దగ్గర కనీసం రెండేళ్ళ శిష్యరికం, గురి పరీక్ష, చివరికి దాదాపు వారం పాటు అడవిలోనే పరీక్ష. శిబిరం వేయడం దగ్గర నుంచి ఏనుగు మీదికి వచ్చినప్పుడు నిలబడే తీరు దాకా పరీక్షకులు చూస్తారు. దక్షిణాఫ్రికాలో మాత్రం పది పన్నెండు రోజుల కోర్సులు దొరుకుతాయి. మీ తమ్ముడు చూసిన ప్రకటన అలాంటిదే అయి ఉంటుంది. పన్నెండు రోజుల్లో కాగితం వస్తుంది, గైడు తయారవడు. దానికోసం తోట తాకట్టు పెట్టవద్దని నాన్నగారికి నా మాటగా చెప్పండి.

పలమనేరు రైతు:
తిరుపతిలో కూర్చుని జీవకారుణ్యం చెప్పడం తేలిక. 1980ల నుంచి మాకు ఏనుగులు తప్ప వేరే మాట లేదు. కౌండిన్య అడవి దాటి వచ్చి వరి, చెరకు, అరటి తొక్కిపోతాయి. మేము మంచె మీద టపాకాయలతో రాత్రంతా మేలుకుంటాం. ఆఫ్రికాలో జంతువు పడితే ఊరికి మాంసం, డబ్బు వస్తాయట. మాకు నష్టపరిహారం దరఖాస్తు మిగులుతుంది. జంతువుతో కలిసి బతికే ఊరికి జంతువు వల్ల రూపాయి రావాలి. ఆ ఏర్పాటు ఎలా నడుస్తుందో ఒక కుర్రవాడు చూసి వస్తానంటే ఎందుకు ఆపాలి?

పశువైద్యుడు, తిరుపతి:
రైతు గారి బాధలో నిజం ఉంది. అయితే ఆ ఏర్పాటు అంతటా ఒకేలా లేదు. నమీబియా 1996లో చట్టం మార్చి గ్రామసంఘాలకు వన్యప్రాణుల మీద హక్కు ఇచ్చింది. వేట రాబడి, మాంసం చాలావరకు ఆ గ్రామాలకే చేరతాయి, అక్కడ అది పనిచేసింది. కెన్యా 1977లో వేటను పూర్తిగా నిషేధించింది. అప్పటి నుంచి వన్యప్రాణులు మూడింట రెండు వంతులు తగ్గాయని 2016లో పరిశోధకులు లెక్కగట్టారు. అది నిషేధం తప్పు కాదు. పశువులు, పొలాలు, కంచెలు పెరగడమే అసలు కారణం. నిషేధం ఒక్కటే కాపాడదన్నది మాత్రం ఒప్పుకోవాలి. బోట్స్వానా 2014లో ఆపి 2019లో మళ్ళీ తెరిచింది.

ఇదేదీ పలమనేరుకు అతకదు. ఏనుగు మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే అత్యంత రక్షణ ఉన్నది. మన దగ్గరున్నవి కొద్దిపాటి గుంపులు. దారి తెలిసిన పెద్ద ఆడ ఏనుగును పోగొట్టుకుంటే మిగతావి చెదిరి ఇంకా ఎక్కువ ఊళ్ళ మీద పడతాయి. 2025లో కర్ణాటక నుంచి కుంకీలు, అంటే అడవి ఏనుగులను మళ్ళించే శిక్షణ పొందిన ఏనుగులు, తెచ్చి ముసలిమడుగులో శిబిరం పెట్టింది అందుకే. అడవిపంది సంగతి వేరు. కేరళ 2022లో పంటలు పాడుచేసే పందులను కాల్చేందుకు అనుమతిచ్చే అధికారం స్థానిక సంస్థలకే అప్పగించింది. దానికి ఆఫ్రికా చదువు అవసరం లేదు.

శ్రీకాళహస్తి:
వేటను అంతగా అసహ్యించుకుంటున్నారు. మన జిల్లా పరమభక్తుడు తిన్నడు బోయవాడు కాదా? వేటాడిన మాంసమే కదా శివుడికి నివేదించాడు? వేటగాడి చేతిలో అపవిత్రత లేదని మన నేలే చెప్పింది.

కపిలతీర్థం:
తిన్నడు తన ఇంటి తిండిని స్వామికి పెట్టాడు. స్వామి కంట రక్తం కారితే తన కన్ను పెకలించి ఇచ్చాడు. కొమ్ముల కోసం వచ్చిన అతిథి దగ్గర కూలి తీసుకోలేదు. ఆ పోలిక నాకు నచ్చలేదు, క్షమించండి.

చంద్రగిరి అక్క:
తమ్ముడు అడగమంటున్నాడు: అమెరికా వైపు వెళితే శిష్యరికం దొరుకుతుందా? తుపాకి ఉన్నా చంపని గైడు పని ఏదైనా ఉందా?

చిత్తూరు–హరారే:
అలాస్కాలో బయటి రాష్ట్రంవాడు గోధుమరంగు ఎలుగును, కొండమేకను, డాల్ గొర్రెను వేటాడాలంటే లైసెన్సున్న గైడో, అక్కడే ఉండే దగ్గరి బంధువో తోడుండాలి. విదేశీయుడైతే పెద్ద జంతువు ఏదైనా గైడు తప్పదు. కాబట్టి పని ఉంది. మొదలుపెట్టడం మూటలు మోసేవాడిగానో, అసిస్టెంట్ గైడుగానో. మూస్ అనే భారీ దుప్పిని పడగొడితే మాంసం బయటికి తేకముందే కొమ్ములు తేవడం నేరం. ఆ మాంసం బరువు వీపు మీదే నేర్చుకోవాలి. అయితే విదేశీ కుర్రవాడికి అక్కడ పనిచేసే వీసా దొరకడమే పెద్ద అడ్డు. ఏ దేశమైనా శిక్షణ పత్రం పని అనుమతి కాదు.

రెండో ప్రశ్నకు, ఉంది. దక్షిణాఫ్రికాలోనే నడక గైడ్లు ఉన్నారు. రైఫిలు పరీక్ష నెగ్గాలి, ప్రమాదకర జంతువులకు ఎదురుపడిన అనుభవాన్ని గంటల లెక్కన పుస్తకంలో నమోదు చేయించుకోవాలి. అతిథులను ఏనుగు దగ్గరికి తీసుకెళ్ళి, తూటా పేలకుండా వెనక్కి తేవాలి. చదువురాని జాడగాళ్ళకూ గుర్తింపు దక్కాలని 1994లో అక్కడ మొదలైన సైబర్‌ట్రాకర్ పరీక్ష కూడా ఉంది. నా దృష్టిలో వేట గైడు, నడక గైడు నేర్చేది ముప్పాతిక వంతు ఒకే విద్య. మిగతా పావులో ఏ వైపు ఉండాలన్నది వాడే తేల్చుకోవాలి. మనం ఇక్కడ ఓట్లు వేసి నిర్ణయించేది కాదు.

పశువైద్యుడు, తిరుపతి:
ఆ విద్యకు మన ఊళ్ళోనూ అవసరం ఉంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. తర్వాత చిరుతలను కాల్చలేదు, బోనుల్లో పట్టారు. బోను ఎక్కడ పెట్టాలో చెప్పాలంటే జాడ తెలిసినవాడు కావాలి. పలమనేరు వైపు ఏనుగులను వెంబడించే ట్రాకర్ల జీతాలు పెరగాలని మనమందరం గట్టిగా అడగాలి.

పలమనేరు రైతు:
దీన్ని నేనూ ఒప్పుకుంటాను. తమ్ముణ్ణి ముందు మా ట్రాకర్లతో కొన్ని రాత్రులు తిరగమనండి. అధికారుల అనుమతి అడగడానికి నేను తోడు వస్తాను.

చిత్తూరు–హరారే:
వెళ్ళాలనే నిర్ణయిస్తే, డబ్బు కట్టకముందు ఆ బడిని మూడు అడగమనండి. కోర్సు అయ్యాక ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు శిష్యరికం ఇప్పిస్తారు? అది కాగితం మీద రాసిస్తారా? గతంలో చేరిన విదేశీయులలో పని అనుమతి దొరికినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళతో నేరుగా ఫోనులో మాట్లాడిస్తారా? మూడోదానికి తడబడితే తోట పత్రాలు బీరువాలోనే ఉంచండి.