అమ్మ ఆపరేషన్‌కి నాన్న సంతకం సరిపోతుందా?

మల్లెపందిరి:
ఎల్లుండి మా అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్ల ఆపరేషన్. కీహోల్ అన్నారు, అంటే కడుపు పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాలతో చేసేది. నిన్న రాత్రి సిస్టర్ అట్ట మీద నాలుగు కాగితాలు పెట్టుకొచ్చి, నాన్నకిచ్చి "ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టండి" అందట. అన్నీ ఇంగ్లీషులోనే. ఆపరేషన్ పేరు రాయాల్సిన చోట ఖాళీ. ఐదో తరగతి చదివిన నాన్న పెట్టేశారు. అమ్మ పక్కనే మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది, ఆమెను ఎవరూ అడగలేదు. అమ్మ సంతకం అక్కర్లేదా? ఇప్పుడు అడిగితే డాక్టరు గారికి కోపమొస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

వార్డు సిస్టర్:
పదహారేళ్లుగా సర్జికల్ వార్డులో చేస్తున్నానమ్మా. స్పృహలో ఉండి, చెప్పింది అర్థమయ్యే పెద్ద మనిషి తరఫున వేరేవాళ్ల సంతకం చెల్లదు. మీ నాన్నగారు సాక్షిగా పెట్టొచ్చు, అంతే. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆవిడ ఒప్పుకున్నది పరీక్ష కోసం చేసే లాప్రోస్కోపీకి, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా పెట్టి కడుపులో చూడటానికి. మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేదు కదా, మెలకువ వచ్చాక ఆవిడనే అడగాల్సింది అంది కోర్టు.

కీహోల్‌తో మొదలుపెట్టినా, లోపల అతుక్కుపోయి ఉంటే కడుపు కోయాల్సి రావచ్చు. ఇది మీ అమ్మగారికి ముందే తెలియాలి. లేచి పెద్ద కుట్లు చూసుకుని ఏడ్చినవాళ్లను చూశాను. రాత్రి డ్యూటీ తొందరలో నేనూ ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకున్నాను. అది తప్పే. తప్పకుండా అడగండి.

గోదారి ఒడ్డు:
అక్కా, మాది భద్రాచలం దగ్గర. 2009లో మా ఖమ్మం జిల్లాలో స్టడీ పేరుతో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేవి) వేశారు. వాళ్లలో హాస్టల్ పిల్లలు చాలామంది. తర్వాత 9,543 అంగీకార ఫారాలు తీసి చూస్తే 1,948 వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పార్లమెంటు కమిటీ 2013 నివేదికలో ఈ లెక్క ఉంది. ఆ టీకా అంటే నాకు భయం లేదు, మా పాపకు వేయించాను కూడా. కాకపోతే డాక్టరు ముందు కూర్చుని అన్నీ అడిగాకే వేయించాను. గూడెంలో ఉన్న తల్లికి అలా అడిగే వీలు ఎవరిచ్చారు? ఇప్పుడు రూల్ ఉంది: ట్రయల్‌లో, అంటే కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే స్టడీలో, చేరే మనిషికి చదవడం రాకపోతే, సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి, కాపీ చేతికివ్వాలి.

మల్లెపందిరి:
పొద్దున రౌండ్స్‌లో అడిగాను. కోపం రాలేదు. డాక్టరు గారు కొత్త ఫారం తెప్పించి, స్టూలు లాక్కుని కూర్చుని, కాగితం వెనక బొమ్మ గీసి తెలుగులో చెప్పారు. కడుపు కోస్తే ఎన్నాళ్లు మంచం మీద ఉండాలని అమ్మ అడిగింది. మిరపకాయలు కోయడానికి ఎప్పటికి వంగొచ్చని అడిగింది. ఆ తర్వాత నెమ్మదిగా, "నేను ఆయాసానికి బిళ్లలు వేసుకుంటున్నా, పర్లేదా?" అంది. రెండేళ్లుగా వాడుతోందట! మా ఎవరికీ తెలియదు. డాక్టరు గారు అక్కడి నుంచే మత్తు డాక్టరుకు ఫోన్ చేశారు. ఆపరేషన్ రెండు రోజులు వెనక్కి జరిపారు. ఫారం మీద అమ్మ తనే, కూడబలుక్కుంటూ పేరు రాసింది.