గంజాయి కేసుల్లో బెయిల్‌కి పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్, ప్రభుత్వం తరఫు లాయర్) ప్రతిసారీ అబ్జెక్షన్ చెప్పాల్సిందేనా?

మాజీ_అడిషనల్_పీపీ:
నా టెర్మ్ అయిపోయింది, కేసు కూడా తేలిపోయింది, అందుకే ఇప్పుడు అడుగుతున్నా. ఉత్తరాంధ్రలో ఒక సెషన్స్ కోర్టులో మూడేళ్లు చేశాను, ఎక్కువ ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసులే. ఒక కేసులో ఏ1, అంటే మొదటి నిందితుడు, ఏజెన్సీ (గిరిజన ప్రాంతం) కుర్రాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, చింతపల్లి వైపు కొండల్లోంచి రెండు గోనె సంచులు మోసుకొచ్చి రోడ్డు దగ్గర ఆటోలో వేస్తుంటే పట్టుకున్నారు. పంచనామాలో (సాక్షుల ముందు సరుకు పట్టుకున్నట్టు రాసే కాగితం) 20 కేజీల 900 గ్రాములని రాశారు. కింద చదివితే అది సంచులతో, ప్యాకెట్ల మీద చుట్టిన బ్రౌన్ టేపుతో కలిపి తూచిన బరువు. ఖాళీ గోనె సంచే అర కేజీ పైన ఉంటుంది కదండీ, మరి లోపల సరుకెంత?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. గంజాయికి 20 కేజీలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, కనీసం పదేళ్లు, ఇరవై దాకా పడొచ్చు, పైన లక్షకి తక్కువ కాకుండా ఫైన్. దాటకపోతే పదేళ్ల లోపు ఎంతైనా వేయొచ్చు, కనీస శిక్షంటూ లేదు. ఛార్జిషీటు వేయడానికి 20 కేజీలు దాటకపోతే 60 రోజులు, దాటితే 180, అది కూడా పీపీ రిపోర్ట్ ఇస్తే ఏడాది దాకా పొడిగించొచ్చు. బెయిల్ దగ్గరైతే సెక్షన్ 37 వచ్చి కూర్చుంటుంది. పీపీ వద్దంటే ఆ మనిషి తప్పు చేయలేదని, బయటకొచ్చినా చేయడని జడ్జిగారికి నమ్మకం కలగాలి, అప్పుడే బెయిల్. అంటే తలుపుకి గడియ పెట్టేది నా నోటిమాటే.

నేను అబ్జెక్షన్ చెప్పలేదు. నికర బరువు రికార్డులో లేదు, అదే చట్టం సెక్షన్ 52ఏ కింద మేజిస్ట్రేట్ ముందు తూచి శాంపిల్ తీయడానికి రెండు నెలలు దాటినా పిటిషన్ వేయలేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. బెయిల్ వచ్చింది. ఐఓ (కేసు దర్యాప్తు చేసిన పోలీసు అధికారి) బయటకొచ్చి అందరి ముందు "మేడం, మీరు ఎవరి తరఫు?" అన్నాడు. అప్పట్నుంచి ఆ మాట నాకు పోలేదు. మీరైతే ఏం చేసేవారు?

ఘాట్‌రోడ్_కానిస్టేబుల్:
మేడం గారూ, కోపం తెచ్చుకోకండి, ఆ ఐఓ మాటే నాది కూడా. రాత్రి రెండింటికి వానలో లంబసింగి దగ్గర చెక్‌పోస్టులో నిలబడితే తెలుస్తుంది, కారు ఆపమంటే మీదకి ఎక్కించేస్తారు, ముందు బైకు మీద పైలట్ వెళ్తాడు, వాడు ఫోన్ కొడితే వెనక బండి అడవిలోకి తిప్పేస్తారు. పది రాత్రులు కాస్తే ఒక్కటి దొరుకుతుంది. చీకట్లో టార్చిలైటు వేసుకుని ఎక్కడి తూకం ఎక్కడి నికర బరువు, వీఆర్వో గారిని మధ్యవర్తిగా, అంటే పంచనామాకి సాక్షిగా, నిద్రలేపి తేవడమే గగనం. ఆ తూకం తర్వాత 52ఏ లో తేలేదే కదా, అందాకా మీరు అబ్జెక్షన్ చెప్పి ఉంటే ఏం పోయేది? కుర్రాడు ఇంకో నెల లోపలుండేవాడు, అంతే.

నల్లకోటు_నర్సీపట్నం:
డిఫెన్స్ చేసేవాడిని, అయినా పీపీ గారి పక్షాన పూర్తిగా లేను. సంచి బరువు సంగతి పట్టుకోవాల్సింది నాలాంటోడు. పీపీ నోటితో చెప్పించుకుని మేము నిద్రపోతే ఎలా? కానీ నిజం ఏంటంటే ఆ కుర్రాళ్లకి సరైన లాయరే దొరకడు, లీగల్ ఎయిడ్‌లో వచ్చినాయన కేసు కాగితాలు కూడా చదవని రోజులు చూశాను. ఇక కానిస్టేబుల్ అన్నా, "ఇంకో నెల అంతే" అన్నావే, ఆ నెల నెలలవుతుంది. 2023లో మహ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చిన మనిషి ఏడేళ్లకి పైగా విచారణ ఖైదీగానే ఉన్నాడు, అది కూడా గంజాయి కేసే, అరెస్టయినప్పుడు అతనికి 23 ఏళ్లు.

కూకట్‌పల్లి_నాన్న:
నేను లాయర్ని కాదు, పోలీసును కాదు. నా కొడుకు ఇంటర్ సెకండ్ ఇయర్‌ల ఈ గంజాయికి అలవాటు పడ్డడు. రెండేండ్లు డీఅడిక్షన్ సెంటర్ల చుట్టూ తిరిగినం, వాళ్లమ్మ ఇప్పటికీ రాత్రిపూట వాని రూం తలుపు దగ్గరనే పంటది. మీకు సంచి బరువు కనిపిస్తున్నది మేడం, నాకు ఆ సంచిల నా కొడుకు కనిపిస్తున్నడు. అడవిల మోసినోడు చిన్నోడే కావచ్చు, కాని వాడు మొయ్యకుంటే అది మా గల్లీ దాకా రాదు గద. పీపీ అంటే మా తరఫున నిలబడాలె. బయటికి పంపిస్తె మల్ల అదే మోస్తడు, ఏమైతది?

మాజీ_అడిషనల్_పీపీ:
అన్నా, మీ బాధకి నా దగ్గర జవాబు లేదు, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. మీ తరఫున నిలబడే మనిషినే నేను. అందుకే ఒకటి చెప్పనివ్వండి. నా చేతుల్లో పోయిన కేసులు ఎక్కువ పోయింది బెయిల్ దగ్గర కాదు, ట్రయల్లో, కాగితం దగ్గర. మధ్యవర్తి వీఆర్వో బోనెక్కి "నన్ను స్టేషన్‌కి పిలిచి సంతకం పెట్టించుకున్నారు" అంటాడు, హోస్టైల్, అంటే మా సాక్షే మాకు ఎదురు తిరిగినట్టు. ఎఫ్ఎస్ఎల్‌కి (ఫోరెన్సిక్ ల్యాబ్‌కి) వెళ్లిన శాంపిల్ మీద సీలు, పంచనామాలో రాసిన సీలు ఒకటి కాదు. శాంపిల్ మేజిస్ట్రేట్ ముందు తీయాలని 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2022 డిసెంబరులో రూల్స్ కూడా వచ్చాయి, అయినా స్పాట్‌లోనే తీసేసి పంపిన కేసులు నా టేబుల్ మీదకి వచ్చాయి. 52ఏ పాటించకపోతే అదొక్కటే చాలు కేసు కొట్టేయడానికి అని కాదు, 2025లో భరత్ అంబాలే కేసులో ఆ సంగతి తేల్చారు, కానీ మిగతా సాక్ష్యం గట్టిగా ఉంటేనే నిలబడుతుంది. అలాంటి ఫైలుకి నేను బెయిల్ రోజున గట్టిగా అరిచి, మూడేళ్ల తర్వాత నిర్దోషిగా వదిలేస్తుంటే చూస్తూ కూర్చుంటే మీకు ఏం న్యాయం చేసినట్టు?

కానిస్టేబుల్ తమ్ముడూ, చీకట్లో తూచలేరు, ఒప్పుకుంటా. స్టేషన్‌కి తెచ్చాక, తెల్లారాక, ఖాళీ సంచి బరువు రాయడానికి ఏం అడ్డం? అది రాసుంటే ఆరోజు ఏం చెప్పాలో నాకూ తెలిసేది.

టెర్మ్_నడుస్తోంది:
నేను ఇప్పుడు అదే కుర్చీలో ఉన్నాను, వేరే జిల్లా. మేడం చెప్పింది సూత్రంగా కరెక్టే. 1999లో శివకుమార్ వర్సెస్ హుకుంచంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే, పీపీ ఎలాగైనా శిక్ష వేయించాలని తహతహలాడకూడదు, నిందితుడికి దక్కాల్సిన అంశం ఉంటే దాచకూడదు. కానీ రివ్యూ మీటింగులో ఎవరూ ఆ తీర్పు అడగరండీ. ఎన్ని కన్విక్షన్లు, ఎన్ని బెయిళ్లు పోయాయి అని అడుగుతారు. మూడేళ్లకి మళ్లీ వేస్తారో లేదో తెలియని పోస్టు. పరీక్ష రాసి వచ్చిన ఏపీపీలకైనా (అసిస్టెంట్ పీపీలు) ఉద్యోగం ఉంటుంది, మాకు అది కూడా లేదు. అందుకే ప్రతి బెయిల్‌కి ఒకటే కౌంటర్ (బెయిల్ వద్దని రాసిచ్చే కాగితం), పేరు మార్చి వేస్తాం, నేనూ వేశాను. తప్పని తెలుసు.

ఘాట్‌రోడ్_కానిస్టేబుల్:
ఖాళీ సంచి తూచమని మాకు ఎవరూ చెప్పలేదు మేడం, ట్రైనింగ్‌లో సెక్షన్ 50 నోటీసు గురించి గంట చెప్పారు, అది కూడా ఒంటి మీద సోదాకే, సంచికి అక్కర్లేదు, మా కేసులు నూటికి తొంభై సంచులే. మీరు కోర్టులో మా పరువు తీసే బదులు ముందే ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. నా అభిప్రాయం మారలేదు, ఆ కుర్రాడు బెయిల్ మీద పారిపోయుంటే ఎవరు వెతుకుతారు, మేమే కదా. సీలేరు అవతల ఒడిశాలోని మల్కన్‌గిరిలోకి వెళ్లిపోతే ఇంక చిక్కడు.

ఏజెన్సీ_టీచర్:
పారిపోతాడు అంటున్నారు గానీ వాళ్లకి వాయిదా తేదీ తెలియడమే కష్టం. మా ఊరినుంచి కోర్టుకి ఒక రోజు నడక, బస్సు, మళ్లీ బస్సు. వానాకాలం గెడ్డ పొంగితే అసలు దాటలేరు. నా దగ్గర చదివిన పిల్లలు ఇద్దరు ఇలాంటి మోతకే వెళ్లారు. శీలావతి అని మంచి రేటున్న రకం, పండించమని అడ్వాన్సు ఇచ్చేది బయటివాళ్లు, కొనేది బయటివాళ్లు, మోసేది మాత్రం మా పిల్లలు. పసుపు, కాఫీ, రాజ్‌మా వేస్తే డబ్బు రావడానికి నెలలు పడుతుంది, సంచి మోస్తే సాయంత్రానికి చేతిలో పడుతుంది. వాళ్లది తప్పు కాదని అనను. మోయొద్దని క్లాసులో రోజూ చెప్తూనే ఉన్నాను.

కూకట్‌పల్లి_నాన్న:
టీచర్ సారు, మీరు చెప్పినంక కొంచెం ఆలోచన పడ్డది. అయినా నాది ఒక్కటే సవాలు మేడం. ఆ కుర్రాడు బయటికి వచ్చినంక ఏమైంది? రెండోది, ఆ సరుకు ఎవనిది? వాడు దొరికిండా?

మాజీ_అడిషనల్_పీపీ:
కుర్రాడు రెండు వాయిదాలకి రాలేదు, ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంట్) ఇష్యూ అయింది, టీచర్ గారు చెప్పినట్టు అది వానాకాలమే, తర్వాత వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని తనే వచ్చాడు. 52ఏ లో తూస్తే నికర బరువు 19 కేజీల 300 వచ్చింది. ట్రయల్ నేనే నడిపాను, ఈసారి మధ్యవర్తి నిలబడ్డాడు, ఐఓ కూడా క్రాస్‌లో తడబడలేదు, మూడేళ్ల శిక్ష పడింది, అప్పీల్‌కి వెళ్లలేదు.

సరుకు ఎవరిదంటే, కుర్రాడు మొదటి రోజే ఒక పేరు, ఒక ఫోన్ నంబర్ చెప్పాడు. పోలీసు అధికారి దగ్గర చెప్పిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు, కాబట్టి ఆ నంబర్ కాల్ డేటా, డబ్బులు వెళ్లిన ఖాతా, పైలట్ బైకు ఆర్సీ ఇవన్నీ తీయమని ఐఓకి రెండుసార్లు రాతపూర్వకంగా అడిగాను. కాల్ డేటా వచ్చింది, ఖాతా వివరాలు రాలేదు. ఛార్జిషీటులో అతను ఏ4, "పరారీలో". అతని మీద కేసు విడగొట్టి పెట్టారు. నేను టెర్మ్ దిగిపోయే రోజు ఆ ఫైలు మళ్లీ తీసి చూశాను, అప్పటికీ పరారీలోనే ఉన్నాడు.