సత్ప్రసాద స్వీకారం తర్వాత పాటా, మౌనమా? మన విచారణ గుడుల్లో గ్రెగోరియన్ గానానికి చోటుందా?

ప్రశ్న (కడప నుంచి, గాయక బృంద సభ్యుడు)

పెద్దలందరికీ నమస్కారం. మాది కడప మేత్రాసనంలో (బిషప్పు పాలన కింది ప్రాంతంలో) ఒక పట్టణ విచారణ (పారిష్). ఆదివారం పూజలో గాయక బృందంతో పాడుతాను, అవసరమైతే హార్మోనియం వాయిస్తాను. కొంతకాలంగా నన్ను వేధిస్తున్న విషయం సత్ప్రసాద స్వీకారం (పూజలో పవిత్ర అప్పం అందుకోవడం) తర్వాతి సమయానికి సంబంధించినది. జనం వరుసలో వెళ్లి సత్ప్రసాదం స్వీకరించి తమ చోటికి వచ్చి మోకరించేసరికి రెండో పాట మొదలవుతుంది. అది అయిపోయినా కీబోర్డు వాయించే తమ్ముడు ఎడమచేత్తో రెండు మీటలు నొక్కిపట్టి ఆ శ్రుతిని సాగదీస్తూ, కుడిచేత్తో తర్వాతి పాటకు తాళం వెతుకుతుంటాడు. ఆ వెతుకులాటలో ఒక్కోసారి డ్రమ్ము దెబ్బ ఒకటి స్పీకర్లలోంచి బయటపడి, మోకాళ్ల మీదున్న ముసలివాళ్లు ఉలిక్కిపడతారు. గురువు ముగింపు ప్రార్థనకు లేచేవరకు క్షణమైనా నిశ్శబ్దం ఉండదు.

ఈమధ్య ఫ్రాన్సులోని సొలెమ్ మఠ సన్యాసులు లతీనులో పాడే గ్రెగోరియన్ గానాన్ని రికార్డింగుల్లో వింటున్నాను. వాద్యం లేకుండా అందరూ ఒకే స్వరపంక్తిని పాడుతూ, కీర్తనలోని ప్రతి పాదం మధ్యలోనూ ఊపిరి తీసుకునేంత సేపు ఆగుతారు. భాష తెలియకపోయినా మనసు కుదుటపడుతోంది. వచ్చే తపస్సుకాలంలో (ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో) ఇలాంటివి ఒకటి రెండు నేర్చుకుందామని బృందంలో అంటే, రెండవ వాటికన్ మహాసభతో (1962–65) లతీను కథ ముగిసిందని ఒకరు, పాట ఆగితే పూజ చప్పబడిందని జనం అంటారని ఇంకొకరు కొట్టిపారేశారు. మహాసభ నిజంగా ఏమి చెప్పింది? ధ్యాన ప్రార్థనకు సంగీతం సాయమా, అడ్డమా? తెలుగు మాటలను ఆ స్వరాల్లో పాడవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

సమాధానం (కర్నూలు నుంచి, విశ్రాంత సంగీత ఉపాధ్యాయుడు)

తమ్ముడూ, మహాసభతో లతీను కథ ముగిసిందని చెప్పేవారు ఆ పత్రాన్ని చదివి ఉండరు. దైవార్చన గురించి 1963 డిసెంబరు 4న వెలువడిన ఆ పత్రం, 116వ అధికరణంలో, గ్రెగోరియన్ గానం రోమను దైవార్చనకు సొంతమైనదని, మిగతా విషయాలు సమానంగా ఉన్నప్పుడు దానికే ప్రథమ స్థానం ఇవ్వాలని స్పష్టంగా చెబుతుంది. దేశభాషలకు తలుపు తెరిచిన 54వ అధికరణమే, విశ్వాసులు పూజలో తమకు చెందిన భాగాలను లతీనులో కూడా కలిసి పలకగలిగేలా, పాడగలిగేలా చూడాలని అంటుంది. ఇందుకోసమే ఆరవ పౌలు పోపుగారు 1974లో అతి సులభమైన గానాలను చిన్న పుస్తకంగా కూర్చి ప్రపంచంలోని పీఠాధిపతులందరికీ పంపారు. అందులోని సాంక్తుస్ ("పరిశుద్ధుడు"), ఆగ్నుస్ దేయి ("దేవుని గొర్రెపిల్ల") చాలావరకు అక్షరానికి ఒక స్వరం చొప్పున నడుస్తాయి. నాలుగు స్వరాలు కుదురుగా పట్టగలిగిన బృందం వాటిని ఒక సాయంత్రంలో నేర్చుకోగలదు.

వాద్యాల సంగతికి వస్తే, పదవ పయస్ పోపుగారు 1903లో జారీ చేసిన ఉత్తర్వు గుడిలో పియానోను, డ్రమ్ములను, కంచు తాళాలను నిషేధించింది. (ఈ మాట మీ కీబోర్డు తమ్ముడికి చెప్పకండి, మళ్లీ గుడికి రాడు.) మహాసభ అంత కఠినంగా పోలేదు. పైపు ఆర్గానును గొప్పగా గౌరవిస్తూనే, పవిత్ర కార్యానికి తగినవైతే, దేవాలయ గౌరవానికి భంగం కాకపోతే, ఇతర వాద్యాలనూ అనుమతించవచ్చని 120వ అధికరణం చెప్పింది. కాబట్టి మీ గుడిలో కీబోర్డు ఉండటం నేరమేమీ కాదు, అది ఎప్పుడు ఆగాలో తెలియకపోవడమే ఇబ్బంది. పూజాగ్రంథపు సాధారణ సూచనల్లో 45వ పేరా మౌనాన్ని అర్చనలో భాగంగానే లెక్కిస్తుంది. 88వ పేరా సత్ప్రసాదం తర్వాత సందర్భాన్ని బట్టి గురువూ ప్రజలూ కొంతసేపు మౌనంగా ప్రార్థిస్తారని, కావాలనుకుంటే సభ అంతా కలిసి ఒక కీర్తనో స్తుతిగీతమో పాడవచ్చని అంటుంది. అక్కడ పాట ఐచ్ఛికం. 313వ పేరా ఇంకా సూటిగా, తపస్సుకాలంలో వాద్యాలు పాటకు ఊతంగా మాత్రమే మోగాలని, నాలుగో ఆదివారం, మహోత్సవాలు, పండుగలు మాత్రమే దీనికి మినహాయింపని చెబుతుంది. పాటలేని వేళ కీబోర్డు శ్రుతి సాగదీయడానికి ఆ నలభై రోజుల్లో అవకాశమే లేదు. మీ విచారణ గురువుల దగ్గరకు ఈ పేరాతో వెళ్లండి, వాదన అక్కర్లేకుండా పని జరుగుతుంది.

ఇక సంగీతం. మనవాళ్లు దీన్ని పరాయి సంగీతం అనుకుంటారు గాని, కర్ణాటక సంగీతం తెలిసిన చెవికి ఇది అంత దూరం కాదు. గ్రెగోరియన్ గానంలో ఎనిమిది స్వరపద్ధతులు ఉన్నాయి. మొదటిదాని స్వరస్థానాలు మన ఖరహరప్రియవి, మూడోదానివి హనుమతోడివి, ఏడోదానివి హరికాంభోజివి. "దేవదూతల పూజ" అని పేరుపడ్డ ఎనిమిదో పూజ గానాల వరుసలోని కీరియేను ("ప్రభువా, దయచూపండి") శంకరాభరణం తెలిసినవాడు రెండోసారికే అందుకుంటాడు. స్వరస్థానాలు కలిసినంత మాత్రాన రాగం ఒకటైపోదు. గమకం లేదు, సంచారం వేరు, తాళం అసలే లేదు. ఆ తాళం లేకపోవడంలోనే మీరడిగిన ధ్యానం ఉంది. లయను మాట నిర్ణయిస్తుంది. శ్రోత కాలు తాళం వేయడం మానేస్తుంది, చెవి వాక్యం వెంట నడుస్తుంది. 12వ శతాబ్దపు కార్తూసియన్ సన్యాసి రెండవ గీగో, పఠనం, మననం, ప్రార్థన, ధ్యానం అని నాలుగు మెట్లు చెప్పాడు. ఈ గానం మొదటి మెట్టు మీద నిలబడి పాడేది, నాలుగో మెట్టు దగ్గర అది తప్పుకోవాలి.

సమాధానం (అనంతపురం జిల్లా నుంచి, గ్రామ ఉపదేశి)

మాస్టారు చెప్పిన నియమాలతో నాకు పేచీ లేదు. అయితే ధ్యానం కావాలంటే సొలెమ్ దాకా పోవలసిందేనా అన్నది నా సందేహం. 18వ శతాబ్దం తొలినాళ్లలో కర్ణాటక మిషను పేరుతో మన సీమకు వచ్చిన ఫ్రెంచి జెస్యూట్ గురువులే కాషాయం కట్టి, మాంసం మాని, తెలుగు నేర్చుకొని ప్రార్థనలు రాశారు. మహాసభ కూడా 119వ అధికరణంలో, మిషను దేశాల ప్రజలకు సొంత సంగీత సంప్రదాయం ఉంటే దానికి తగిన గౌరవం ఇవ్వాలని చెప్పింది. మాస్టారు 116 దగ్గర ఆగి ఆ మూడు అధికరణాలు దాటేశారు.

మా ఊరి గుడిలో అక్టోబరు నెలంతా సాయంత్రం జపమాల ఉంటుంది. చివర దేవమాత ప్రార్థనమాలికను చదువురాని ఒక అవ్వ కంఠతా నడిపిస్తుంది. ఆమె ఒక్కో బిరుదును కొద్దిగా పైకి లేపి చివరి అచ్చు మీద నిలుపుతుంది. ఆ అచ్చు ఆగకముందే ఆడవాళ్లంతా "మాకొరకు వేడుకొనండి" అని కింది స్వరంలో అందుకుంటారు. పది పన్నెండు బిరుదులు దాటాక ఎవరు పాడుతున్నారో, ఎవరు బదులిస్తున్నారో తెలియదు. మగ్గం ఆడినట్టు అటూ ఇటూ అదే ఊపు. 1587లో ఐదవ సిక్స్తుస్ పోపుగారు ఆమోదించిన ప్రార్థనే అది, లతీనులో పుట్టింది, కాని మా ఆడవాళ్ల గొంతులో అది ఈ ఊరి బాణీ అయిపోయింది. ఆ బాణీని ఎవరూ స్వరపరచలేదు, ఎవరూ నేర్పించలేదు. పట్నం బృందాలు వచ్చి మైకు పెట్టి కీబోర్డు జోడించినప్పుడు మాత్రం అవ్వ నోరు మూతపడుతుంది. కడప తమ్ముడు లతీను నేర్చుకుంటానంటే వద్దనను. ముందు తన విచారణ కింది పల్లెల్లో ఇలా పాడే అవ్వలు ఎవరైనా ఉన్నారేమో వెతకమంటాను.

ప్రశ్న అడిగినవారు

మాస్టారికీ అన్నకూ కృతజ్ఞతలు. ప్రార్థనమాలిక సంగతి నాకు తట్టలేదు, మా అమ్మమ్మ తరం వాళ్లు ఇలాగే పాడేవారు. అయితే తపస్సుకాలంలో సత్ప్రసాద వేళ ఒక తెలుగు కీర్తనను కీర్తనస్వరంలో (కీర్తనలు పాడే గ్రెగోరియన్ బాణీలో) పాడించాలన్న కోరిక మాత్రం పోవడం లేదు. ప్రయత్నించి చూస్తే పాదం చివర మాట చిత్రంగా విరిగిపోతోంది. దానికి దారి ఉందా?

సమాధానం (కర్నూలు జిల్లా నుంచి, ఒక సిస్టరు)

బాబూ, మా మఠంలో సంధ్యాప్రార్థన కీర్తనలను రోజూ తెలుగులోనే కీర్తనస్వరంలో పాడుకుంటాం, కాబట్టి దారి ఉంది. కీర్తనస్వరంలో పాదం రెండు ముక్కలు. ప్రతి ముక్కలోనూ ఎక్కువ భాగం ఒకే స్వరం మీద నడుస్తుంది, ఎన్ని అక్షరాలున్నా అది భరిస్తుంది. కదలిక చివరి రెండు మూడు అక్షరాల్లోనే ఉంటుంది. లతీనులో ఆ కదలిక ఊనిక పడే అక్షరాన్ని చూసుకొని మొదలవుతుంది. తెలుగులో అలాంటి బలమైన ఊనిక లేదు గనుక, లతీను లెక్క ప్రకారం వెనక నుంచి అక్షరాలు లెక్కపెట్టి దించితే హ్రస్వం సాగి, దీర్ఘం నలిగి, మీరు చెప్పినట్టు మాట విరుగుతుంది. మేము చివరి మాటలోని దీర్ఘాక్షరం దగ్గర స్వరం దించుతాం, దీర్ఘం లేకపోతే ఆ మాట మొదటి అక్షరం దగ్గర. ముందుగా పుస్తకంలో ఆ అక్షరాల కింద పెన్సిలుతో గీత పెట్టుకొని, పాడకుండా రెండుసార్లు గట్టిగా చదవండి. 130వ కీర్తన తీసుకోండి, చిన్నది, తపస్సుకాలానికి సరిపోతుంది.

ఇంకొక మాట. పాదం మధ్యలోని విరామాన్ని కొత్తవాళ్లు తొందరగా మింగేస్తారు. రెండు పక్షాలుగా విడిపోయి పాడితే, ఎదుటి పక్షం ఆగేవరకు ఈ పక్షం వేచి ఉండటం అలవాటవుతుంది. 16వ శతాబ్దపు స్పెయిన్ పునీతుడు సిలువ యోహాను గారు దేవుని సన్నిధిని నిశ్శబ్ద సంగీతం అన్నారు. మా నవశిష్యురాళ్లకు దాని అర్థం తరగతిలో కంటే ఆ విరామంలోనే ఎక్కువ తెలిసింది. కీర్తన చివరి పాదం తర్వాత వెంటనే ఎవరూ దగ్గకుండా, పుస్తకం మూయకుండా, మైకు స్విచ్చు తాకకుండా ఉండాలని బృందానికి ముందే చెప్పి పెట్టుకోండి. ఎంతసేపన్నది గురువుతో మాట్లాడి నిర్ణయించుకోండి, ఎందుకంటే ఆ మౌనాన్ని ముగించేది ఆయన ప్రార్థనే. మొదటి ఆదివారం జనం తలలెత్తి బృందం వైపు చూస్తారు, కంగారుపడి పాట ఎత్తుకోకండి.