పసిపిల్లలకు అవకాడో: ఉగ్గుతో పాటు పెట్టాలా, లేకున్నా పరవాలేదా?

ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక తల్లి
మా పాపకు ఏడో నెల నడుస్తోంది. అన్నప్రాశన అయిన నాటి నుంచి చోడి (రాగి) జావ, పెసరపప్పు కట్టు, అరటిపండు పెడుతున్నాము. అవకాడో కూడా మెత్తగా చిదిమి పెట్టవచ్చునని పిల్లల వైద్యురాలు చెప్పారు. ఇంట్లో నెయ్యి, అరటిపండు ఉండగా ఇంత ఖరీదైన పండు ఎందుకని మా అత్తగారు అడుగుతున్నారు. ఆవిడ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదని నాకూ అనిపిస్తోంది. వారానికి రెండు మూడుసార్లు కొని పెట్టేంత మేలు ఈ పండులో ఉన్నదా? తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరు.

సీతమ్మధార, పోషకాహార అధ్యాపకురాలు
అమ్మా, తప్పక పెట్టండి. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య బిడ్డకు తల్లిపాలు కాక పైఆహారం ద్వారా రోజుకు సుమారు 200 కిలోకాలరీలు అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నాలుగైదు చెంచాలు తినేసరికి మొహం తిప్పుకునే బిడ్డకు పలుచని జావతో అంత శక్తి అందించడం చాలా కష్టం. 100 గ్రాముల అవకాడో గుజ్జులో 160 కిలోకాలరీల శక్తి, దాదాపు 15 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల దాకా పీచు ఉంటాయి. చక్కెర మాత్రం ఒక గ్రాము కూడా ఉండదు. అదే అరటిపండులో శక్తి 90 కిలోకాలరీలే, చక్కెర 12 గ్రాములు. తల్లిపాలలోని శక్తిలో సగం వరకు కొవ్వు నుంచే వస్తుంది కనుక, పాలు తగ్గి అన్నం పెరిగే ఈ దశలో బిడ్డ ఆహారంలో కొవ్వు ఒక్కసారిగా పడిపోకుండా చూసుకోవాలి. పైగా క్యారెట్, గుమ్మడి, మునగాకు వంటి వాటిలో ఉండి ఒంట్లో విటమిన్ ఎ గా మారే కెరోటిన్, కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. వండవలసిన పని లేకుండా, పళ్ళు రాని నోటికి అందేంత మెత్తగా ఉండి, తీపి కాని రుచిని అలవాటు చేసే పండు మరొకటి దొరకడం కష్టం.

పెందుర్తి, విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త
మేడమ్ గారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు, కానీ ఆ అంకెలలో ఇనుము ఎక్కడ? బిడ్డ పుట్టినప్పుడు ఒంట్లో దాచుకున్న ఇనుము ఆరో నెల వచ్చేసరికి తరిగిపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నది. 100 గ్రాముల అవకాడోలో ఇనుము అర మిల్లీగ్రాముకు కాస్త పైన, అంతే. ఈ వయసు బిడ్డ తినే రెండు చెంచాలలో అది లెక్కలోకే రాదు. చోళ్ళను మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తే అందులో ఇనుముతో పాటు సున్నమూ (కాల్షియం) దండిగా ఉంటుంది. మొలకెత్తించడం వల్ల ఆ ఇనుము ఒంటికి పట్టడం కూడా మెరుగుపడుతుంది. కొవ్వే కావాలంటే చెంచాడు నెయ్యో, వేరుశనగ నూనెనో కలిపితే కెరోటిన్ పని జరిగిపోతుంది, జావకు బలమూ వస్తుంది. ఒక్క అవకాడో ధరకు అరడజనుకు మించి కోడిగుడ్లు వస్తాయి. ఇక ఈ పండు మెదడు ఎదుగుదలకు అని తరచూ ప్రచారం చేస్తున్నారు. మెదడు నిర్మాణానికి అవసరమైన డీహెచ్‌ఏ అనే కొవ్వు అవకాడోలో లేదు, మన విశాఖ ఫిషింగ్ హార్బరులో దొరికే కవళ్ళు, కానగంతలు వంటి చేపలలో ఉన్నది. కూలి చేసుకునే తల్లులు ఆ ప్రచారం విని, తమ బిడ్డకు ఏదో లోటు చేస్తున్నామని బాధపడడం నేను కళ్ళారా చూశాను. నాకు కోపం పండు మీద కాదు, ఆ బాధ కలిగిస్తున్నవారి మీద.

సీతమ్మధార, పోషకాహార అధ్యాపకురాలు
అక్కగారూ, ఇనుము విషయంలో మీ మాట పూర్తిగా సరైనది. అవకాడో గుడ్డుకు గాని, పప్పుకు గాని, చేపకు గాని బదులు కాదు. కానీ నెయ్యితో సరిపెట్టవచ్చునన్న మాట నేను ఒప్పుకోను. నెయ్యిలో పీచు లేదు, ఫోలేట్ అనే బి విటమిన్ లేదు, పొటాషియం లేదు. అందులోని కొవ్వులో అధిక భాగం సంతృప్త కొవ్వు. అవకాడో కొవ్వులో ఎక్కువ భాగం ఆలివ్ నూనెలోనూ ఉండే ఒలియిక్ ఆమ్లం. పైఆహారం మొదలైన కొత్తలో చాలామంది పిల్లలకు మలబద్ధకం వస్తుంది, అప్పుడు ఈ పీచు నిజంగా అక్కరకు వస్తుంది.

అక్కయ్యపాలెం, ఇద్దరు పిల్లల తండ్రి
పెట్టే తీరు గురించి ఒక మాట. అవకాడో గుజ్జులో తేనె కలిపి పెట్టమని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ నాకించకూడదు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. తొలిసారి అర చెంచా పెట్టి, దద్దురుగాని వాంతిగాని వస్తున్నదేమో గమనించండి. రబ్బరు పాలు, అంటే లేటెక్స్, పడనివారిలో కొందరికి అరటి, కివి, అవకాడో కూడా పడవు. చేత్తో పట్టుకుని తినే వయసు వచ్చాక ముక్క జారిపోతుంటే, పుట్నాలపప్పు మెత్తని పొడి కాస్త అద్దండి. పెద్ద పిల్లలకు జ్యూస్ దుకాణాలలో చక్కెర, ఐస్‌క్రీం వేసి ఇచ్చే అవకాడో షేక్‌ను మాత్రం ఈ మేలు లెక్కలో కలపకండి.

ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక తల్లి
అందరికీ ధన్యవాదాలు. మొలకెత్తించిన చోడిపిండి, గుడ్డు రోజువారీగా ఉంచి, అవకాడో వారానికి ఒక పండు మాత్రం తెద్దామని అనుకుంటున్నాము. పాప తినేది కొద్దిగానే కదా, కోసిన పండు మర్నాటికి నల్లబడితే పెట్టవచ్చునా?

పెందుర్తి, విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త
నల్లబడడం గాలి తగిలి మారిన రంగే తల్లీ, అంతమాత్రాన అది కుళ్ళు కాదు. గింజ ఉన్న సగాన్ని కదపకుండా గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మర్నాడు పైపొర గీకి లోపలి గుజ్జు పెట్టండి. పుల్లని వాసన వస్తే పారేయండి. ఆ వారం పండు దొరకకపోతే వెతుక్కుంటూ ఊరంతా తిరగకండి, ఆ డబ్బుతో గుడ్లు తెచ్చుకోండి.