కాలేజీ స్థలంలో మున్సిపల్ పార్కు: మోటారు కాలిపోతే బాగు చేయించేది ఎవరు?

పార్కు ఎదురిల్లు:
అందరికీ నమస్కారం. మాది కోస్తాలో ఒక కార్పొరేషన్, ఊరి పేరు వద్దులెండి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ గ్రౌండుకి ఒక పక్కన ఎకరంన్నర దాకా ఉన్న జాగాని కొన్నేళ్ల కిందట పట్టణాలకి కేంద్రం ఇచ్చే అమృత్ పథకం డబ్బుతో పార్కు చేశారు. వాకింగ్ ట్రాక్, ఉయ్యాలలు, బోరు, లైట్లు అన్నీ వేశారు. రోడ్డు వైపు గేటు పొద్దునా సాయంత్రం మాకు తెరుస్తారు, మధ్యలో కాలేజీ వైపు గేటు తీసి పిల్లలు వాడుకుంటారు. ఇన్నాళ్లూ బాగానే నడిచింది. ఈ వేసవిలో మోటారు కాలిపోయింది, గడ్డి మొత్తం మాడిపోయింది. ఒక లైటు స్తంభానికి కింద డబ్బా మూత ఊడి వైర్లు బయటికి వేలాడుతున్నాయి. ఎండిపోయిన చెట్టొకటి సరిగ్గా ట్రాక్ మీదికి వాలి ఉంది, మా నాన్నగారు రోజూ దాని కిందినుంచే నడుస్తారు, అదీ నా టెన్షన్. కార్పొరేషన్‌కి వెళ్తే "స్థలం కాలేజీది, వాళ్లనడగండి" అన్నారు. ప్రిన్సిపాల్ గారేమో "కట్టింది వాళ్లు, బోర్డు మీద పేరు వాళ్లది" అన్నారు. అసలు బాధ్యత ఎవరిది? మేమే తలా కొంత వేసుకుని మోటారు కొనేస్తే తప్పా?

గుంటూరు మిర్చి:
మా దగ్గరా ఇదే కథ. రెండిళ్ల చుట్టానికి పస్తే మిగిలిందంటారు చూడండి, అది మన పార్కుల గురించే.

పాత ఎంబుక్:
నేను మున్సిపల్ ఇంజినీరింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మీరు రెండు విషయాలు కలిపేస్తున్నారు. వైర్లు, చెట్టు ఇవాళ్టి పని. బాధ్యత ఎవరిదన్నది నెల పట్టే పని. రెండోది తేలేదాకా మొదటిది ఆపొద్దు.

వైర్లకి ముందు 1912కి (కరెంటు వాళ్ల ఫిర్యాదుల నంబరు) ఫోన్ చేయండి. పార్కు లోపలి స్తంభం మాది కాదని వాళ్లన్నా సరే, కనీసం సరఫరా ఆపమనండి. తర్వాత ఒకే ఉత్తరం, రెండు ఆఫీసులకీ, కమిషనర్‌కి ఒకటి ప్రిన్సిపాల్‌కి ఒకటి, చెట్టు ఎక్కడుందో వైర్లు ఎక్కడున్నాయో ఫోటోలతో సహా రాసి ఇన్‌వార్డులో (ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే చోట) ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వాట్సాప్‌లో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి) పెట్టిన ఫోటో లెక్కలోకి రాదు. ఆ ముద్రకి విలువ ఎందుకంటే, రోడ్డు మీద వెళ్తున్న మనిషి మీద చెట్టు కొమ్మ విరిగిపడి చనిపోయిన ఢిల్లీ కేసులో, అక్కడి కార్పొరేషనే పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. రేపు ఏదన్నా జరిగితే "మాకు తెలీదు" అనే మాట మీ ముద్ర ఉన్న కాగితం ముందు నిలవదు, ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు.

ఇక బాధ్యత. బోర్డు చూసి ఏమీ తేల్చకండి. హైదరాబాద్‌లోనే చూడండి, ఇందిరా పార్క్ జీహెచ్ఎంసీది, అంటే కార్పొరేషన్‌ది, సంజీవయ్య పార్క్ నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏది, కేబీఆర్ పార్క్ లోపల అటవీ శాఖది. విశాఖలో శివాజీ పార్కు అక్కడి కార్పొరేషన్ జీవీఎంసీ చూస్తుంది, బీచ్ రోడ్డులో ఉన్న వుడా పార్కు అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏది. లోపలికి వెళ్లేవాడికి అన్నీ ఒకటే, ఫైళ్లు వేరు. మీ పార్కుకీ ఎక్కడో ఒక ఫైలు ఉంటుంది. కాలేజీ స్థలంలో పనిచేయాలంటే కాలేజీ వైపు నుంచి అంగీకారం తీసుకుని ఉండాలి, పని అయ్యాక ఎవరికి అప్పజెప్పారన్నది రాసి ఉండాలి. టెండరులోనే కాంట్రాక్టరుకి కొన్నేళ్ల నిర్వహణ అంటగట్టి ఉన్నా ఉండొచ్చు, అదీ చూడాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది మోటారుకి ఉన్న కరెంటు మీటరు. సర్వీసు నంబరు ఎవరి పేరు మీద ఉంది, బిల్లు ఎవరు కడుతున్నారు? నా అనుభవంలో సగం తగాదాలు అక్కడే తేలిపోతాయి.

లెక్చరర్ని:
కాలేజీ వైపు మాట కూడా వినండి. నేను వేరే జిల్లాలో ప్రభుత్వ కాలేజీలో చేస్తున్నాను. ప్రిన్సిపాల్ దగ్గర పార్కు మోటారుకి పద్దు ఉండదండీ. పిల్లల ఫీజుల డబ్బు ఊరివాళ్లు నడిచే ట్రాకు మీద పెడితే ఆడిట్లో ఆవిడే జవాబు చెప్పుకోవాలి. ఎన్ఎస్ఎస్ పిల్లలతో చెత్త ఎత్తించగలం, మొక్కలు నాటించగలం, అంతవరకే. ఒప్పందం మీద సంతకం పెట్టాలన్నా పై ఆఫీసు అనుమతి కావాలి, రెండేళ్లలో బదిలీ అయ్యే మనిషి ఎందుకు తలకెత్తుకుంటుంది? పైగా పొద్దున గేటు తీసేసరికి బెంచీల కింద సీసాలు కనబడితే తల్లిదండ్రులు మమ్మల్నే అడుగుతారు. ఆవిడతో గొడవ పెట్టుకోకండి. గట్టిగా నొక్కితే రోడ్డు గేటుకి తాళం పడుతుంది, స్థలం వాళ్లదే కదా.

పార్కు ఎదురిల్లు:
మేడమ్, ఆ కోణం నేను ఆలోచించలేదు. మరి చెట్టు మేమే కొట్టించేయొచ్చా? చందాల సంగతి?

పాత ఎంబుక్:
చెట్టు జోలికి మీరు వెళ్లొద్దు. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) ప్రకారం అనుమతి కావాలి, అది స్థలం ఉన్నవాళ్లు అడగాలి. కాలేజీ చేత ఉత్తరం పెట్టించండి, దానికి వాళ్లకి పైసా ఖర్చు లేదు కాబట్టి ఒప్పుకుంటారు. మోటారు కూడా ఆఫీసు వాళ్లు రాతపూర్వకంగా సరేనంటే తప్ప కొనకండి. వాళ్ల బోరులో మీ మోటారు దించాక ఎవరికన్నా షాక్ కొడితే అప్పుడు బాధ్యులెవరో వెతకక్కర్లేదు, మీరే.

సీతమ్మధార వాకర్:
అలా అయితే ఏ పనీ అవదు సార్. మా కాలనీ పార్కులో 18 ఇళ్లవాళ్లం నెలకి 200 వేసుకుని తోటమాలిని పెట్టుకున్నాం, రెండేళ్లయింది. కాగితం కోసం కూర్చుంటే ఈపాటికి మొక్క ఉండేది కాదు.

పాత ఎంబుక్:
మాలిని పెట్టుకోండి, ట్యాంకరు తెప్పించండి, ఎవరు కాదన్నారు. కరెంటు, బోరు, చెట్టు నరకడం, ఈ మూడే వద్దంటున్నా. ఇంకో మాట, మీరు చందాలతో అంతా చక్కగా చేసేస్తుంటే ఆ పార్కు పద్దు వచ్చే బడ్జెట్‌లో మాయమైపోతుంది. ఇది కళ్లారా చూశాను.

ఎదురింటాయన గారూ, ఇక సమాచార హక్కు దరఖాస్తు. "బాధ్యత ఎవరిది" అని అడిగితే "మా పరిధిలో లేదు" అని ఒక ముక్క వస్తుంది. కాగితాల కాపీలు అడగాలి. ఇలా రాయండి: "ఫలానా కాలేజీ ఆవరణలోని పార్కుకు సంబంధించి కౌన్సిల్ తీర్మానం, కాలేజీతో జరిగిన ఒప్పందం లేదా అంగీకార పత్రం, టెండరులోని నిర్వహణ షరతులు, అప్పగింత పత్రం, గత మూడేళ్లలో పార్కు మీద చేసిన ఖర్చు, మోటారు సర్వీసు నంబరు, దాని బిల్లుల చెల్లింపు వివరాల నకళ్లు ఇవ్వగలరు." ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు. ఫైలు స్వయంగా చూస్తామని కూడా అడగొచ్చు, నేనైతే అదే చేస్తాను, ఎందుకంటే మీరు అడగాలని తెలియని కాగితమే ఫైల్లో కనబడుతుంది. కాలేజీకి కూడా ఇంకో దరఖాస్తు పెట్టండి, ఒకళ్ల దగ్గర లేనిది ఇంకొకళ్ల దగ్గర దొరుకుతుంది.

లెక్చరర్ని:
కాగితం ఏదీ దొరక్కపోయినా ఫరవాలేదు, కొత్తది రాయించుకోవచ్చు. ఒక్క పేజీ చాలు. కరెంటు, నీళ్లు, రిపేర్లు కార్పొరేషన్. లోపల ఊడ్చడం, పగటి కాపలా కాలేజీ. గేటు వేళలు, పరీక్షల రోజుల్లో ఏం చేయాలి, తాళం చెవి ఎవరి దగ్గర, ఇది మర్చిపోకండి, చిన్నదే కానీ గొడవలన్నీ దాంతోనే.

పార్కు ఎదురిల్లు (ఆరు వారాల తర్వాత):
ఆలస్యానికి క్షమించాలి. ఉత్తరం ఇచ్చిన నాలుగో రోజుకే ఎలక్ట్రీషియన్ వచ్చి డబ్బాకి మూత బిగించాడు. దరఖాస్తుకి 27వ రోజు జవాబు వచ్చింది. ఒప్పందం లేదట, తీర్మానం మాత్రం ఉంది, అందులో నిర్వహణ గురించి ఒక్క ముక్క లేదు. కానీ మీటరు కమిషనర్ పేరు మీదే ఉంది! మోటారు కాలిపోయాక కూడా మినిమం బిల్లు కడుతూనే ఉన్నారు. ఆ కాపీ పట్టుకుని సోమవారం ఫిర్యాదులు వినే గ్రీవెన్స్‌కి వెళ్తే కార్పొరేషన్ డీఈ (డిప్యూటీ ఇంజినీరు) గారు ఇంకేం వాదించలేదు, పోయిన గురువారం మోటారు దించారు. చెట్టుకి ప్రిన్సిపాల్ గారు ఉత్తరం పెట్టారు, అనుమతి ఇంకా రాలేదు, అందాకా అటు వెళ్లకుండా తాడు కట్టాం. ఒక పేజీ ఒప్పందం ముసాయిదా రెండు ఆఫీసుల్లోనూ ఇచ్చాను. అంతా సరే అన్నారు, తాళం చెవి దగ్గర ఆగింది.